డబ్బా మీద పది రెట్లు, అమ్మ చేతిలో రెండుంబావు

మా అమ్మకు 84 ఏళ్లు. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. దూరపు చూపు బాగానే ఉంది, దగ్గరి చూపుకు డాక్టరు ప్లస్ 2.5 అద్దాలు రాసిచ్చారు. వాటితో పేపరు చదువుకుంటుంది గానీ, పంచాంగంలో తిథులు, వర్జ్యాల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. ఉగాదికి కొత్త పంచాంగం తెచ్చిన రోజున "ఈ అక్షరాలు ఏటికేడు చిన్నవైపోతున్నాయిరా" అంది. ఆ మాట విని ఆన్‌లైన్‌లో ఒక భూతద్దం తెప్పించాను. ధర 349 రూపాయలు. 90 మిల్లీమీటర్ల గాజు కటకం, నల్లటి ప్లాస్టిక్ పిడి, డబ్బా మీద ఎర్రటి పెద్ద అక్షరాల్లో "10 ఎక్స్". అంటే పది రెట్లు పెద్దదిగా చూపిస్తుందని.

అమ్మ దాన్ని పంచాంగం మీద పట్టుకుని అటూ ఇటూ జరిపి చూసింది. "పది రెట్లంటే అక్షరం నా బొటనవేలంత కనపడాలి కదా. ఇది కందిగింజంత కూడా లేదు" అంది. అమ్మ చదివింది ఐదో తరగతి. లెక్క మాత్రం సరిగ్గా వేసింది. రెండు మిల్లీమీటర్ల అక్షరం పది రెట్లయితే రెండు సెంటీమీటర్లు కావాలి.

నేను 31 ఏళ్ల పాటు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఆవర్ధనం (వస్తువు కన్నా ప్రతిబింబం ఎన్ని రెట్లుందో చెప్పే అంకె) మీద ఎన్ని వందల లెక్కలు నల్లబల్ల మీద చేయించానో చెప్పలేను. అమ్మ ఆ మాట అన్నాక ఈ భూతద్దాన్ని కొలవకుండా ఉండలేకపోయాను. పదో తరగతి చదువుతున్న మా మనవరాలు స్కేలూ టేపూ పట్టుకుని పక్కన నిలబడింది. మేము కొలిచిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటిది కొనాలనుకునేవారు ఇంట్లో ఉన్న వస్తువులతోనే పరీక్షించుకోవచ్చు.

ముందు కావలసింది నాభ్యంతరం. అంటే చాలా దూరం నుంచి వచ్చే వెలుగును కటకం ఒకచోటికి చేర్చే బిందువుకూ (అదే నాభి) కటకానికీ మధ్య దూరం. మా హాలు కప్పుకు నాలుగడుగుల ట్యూబులైటు ఉంది. దాని కింద బల్ల మీద తెల్లకాగితం పరిచి, భూతద్దాన్ని కాగితానికి పైన పట్టుకుని నెమ్మదిగా పైకీ కిందికీ జరిపాం. ఒకచోట కాగితం మీద ట్యూబులైటు బొమ్మ సన్నటి వెలుగు గీతలా స్పష్టంగా పడింది. అప్పుడు కటకానికీ కాగితానికీ మధ్య దూరం 21.8 సెంటీమీటర్లు, కటకం నుంచి ట్యూబులైటుకు 240 సెంటీమీటర్లు. ఈ రెండింటినీ గుణించి, వచ్చినదాన్ని రెండింటి మొత్తంతో భాగిస్తే నాభ్యంతరం వస్తుంది. 20 సెంటీమీటర్లు.

మనవరాలు అక్కడితో ఆగలేదు. "ప్రతిబింబ దూరాన్ని వస్తు దూరంతో భాగిస్తే ఆవర్ధనం కదా తాతయ్యా, సరిపోతుందో లేదో చూద్దాం" అంది. 21.8ని 240తో భాగిస్తే సుమారు 0.09. ట్యూబులైటు పొడవు దాదాపు 120 సెంటీమీటర్లు కాబట్టి బొమ్మ 11 సెంటీమీటర్ల లోపు రావాలి. స్కేలు పెట్టి చూస్తే అంతే వచ్చింది. రెండు కొసలూ కాస్త మసకగా ఉన్నాయి, ఒకే కటకంతో అది తప్పదు. నోటుబుక్కులో చేసిన భాగహారం కాగితం మీద వెలుగు గీతగా కనిపించినప్పుడు ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. ఇంత తేలికైన పరీక్షను నా తరగతుల్లో ఇంకా ఎక్కువసార్లు చేయించి ఉండాల్సిందని ఆ క్షణాన నాకు గట్టిగా అనిపించింది.

ఇదే భూతద్దం ట్యూబులైటును పదకొండో వంతుకు కుదించింది, పంచాంగంలో అక్షరాన్నేమో పెద్దది చేస్తుంది. వస్తువు ఎక్కడుందన్న దాన్ని బట్టే అంతా ఉంటుంది. నాభి కన్నా దూరంగా ఉంటే తలకిందులైన నిజ ప్రతిబింబం (కాగితం మీద పట్టగలిగేది), నాభి కన్నా దగ్గరగా ఉంటే నిటారుగా, పెద్దదైన మిథ్యా ప్రతిబింబం (కాగితం మీద పడదు, కటకంలోంచి చూస్తేనే కనిపిస్తుంది). చదువుకోవడానికి మనకు కావలసింది రెండోది.

ఇక డబ్బా మీది అంకె. ఆరోగ్యమైన కన్ను శ్రమ లేకుండా స్పష్టంగా చూడగల అతి దగ్గరి దూరం 25 సెంటీమీటర్లని లెక్కల కోసం అందరూ ఒప్పుకున్నారు. భూతద్దం లేకుండా ఆ దూరంలో అక్షరం ఎంత కనిపిస్తుందో, భూతద్దంతో దానికి ఎన్ని రెట్లు కనిపిస్తుందో చెప్పేదే ఈ ఎక్స్. 25ను నాభ్యంతరంతో భాగించాలి. కన్నును కటకానికి ఆనించి, ప్రతిబింబం సరిగ్గా 25 సెంటీమీటర్ల దూరంలో ఏర్పడేలా పట్టుకుంటే దానికి ఒకటి కలుపుకోవచ్చు. మా భూతద్దానికి 25ను 20తో భాగిస్తే 1.25, ఒకటి కలిపితే 2.25. అంటే రెండుంబావు.

లెక్కను నమ్మనివారు గళ్ల కాగితాలు రెండు తీసుకోండి. ఒకదాన్ని కంటికి ఆనించిన భూతద్దం ముందు 11 సెంటీమీటర్ల దూరంలో, రెండోదాన్ని 25 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, ఒక కన్నుతో భూతద్దంలోంచి, ఇంకో కన్నుతో నేరుగా చూడాలి. రెండు దృశ్యాలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. అలవాటయ్యేదాకా కొంచెం ఓపిక కావాలి. మా మనవరాలికి అద్దంలోని నాలుగు గళ్లు బయటి తొమ్మిది గళ్లతో సమానంగా కనిపించాయి. తొమ్మిదిని నాలుగుతో భాగించి చూసుకోండి.

ఈ భూతద్దం పది రెట్లు చూపించకపోవడం తయారీలో జరిగిన పొరపాటు కాదు. 90 మిల్లీమీటర్ల వెడల్పున్న గాజు కటకం పది రెట్లు చూపించడమన్నదే జరగదు. పది రెట్లు కావాలంటే నాభ్యంతరం 2.5 సెంటీమీటర్లు ఉండాలి. మామూలు గాజుతో రెండువైపులా సమానంగా ఉబ్బిన కటకానికి అంత తక్కువ నాభ్యంతరం రావాలంటే, ఒక్కో ముఖం సుమారు 2.5 సెంటీమీటర్ల వ్యాసార్థమున్న గోళంలో భాగం కావాలి. ఆ గోళం మొత్తం అడ్డంగా కొలిచినా 5 సెంటీమీటర్లే. అందులోంచి 9 సెంటీమీటర్ల కటకాన్ని ఎలా తీస్తారు? నిమ్మకాయలోంచి కొబ్బరిచిప్ప తీయమన్నట్టే.

మా వీధి చివర బంగారం పని చేసే పెద్దాయన ఒకరున్నారు. ఈ సంగతి చెబితే ఆయన తన లూప్‌ను, అంటే కంటికి ఆనించుకుని నగలు చూసే చిన్న భూతద్దాన్ని, చేతిలోకి తీసుకుని "పెద్ద అద్దం కొంచెమే పెంచుతుంది, చిన్న అద్దం బాగా పెంచుతుంది మాస్టారూ. మా నాన్న నాకు పన్నెండో ఏట చెప్పిన మాట ఇది" అన్నారు. నేను గోళాలతో, వ్యాసార్థాలతో చెప్పింది ఆయన ఒక్క వాక్యంలో చెప్పారు. పదిహేడో శతాబ్దంలో డెల్ఫ్ట్ పట్టణంలో లేవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి ఒకే ఒక్క కటకంతో సూక్ష్మజీవులను చూశాడు. ఆయన కటకాల్లో మిగిలినవాటిలో బలమైనది 266 రెట్లు చూపిస్తుంది. దాని నాభ్యంతరం మిల్లీమీటరు కన్నా తక్కువ, కటకం ఆవగింజంత. అందుకే డబ్బా మీద పెద్ద వెడల్పూ పెద్ద ఎక్సూ పక్కపక్కన కనిపిస్తే ఆ ఎక్సును నమ్మకండి.

ఆ పెద్దాయన లూప్‌ను ఒక పూట అడిగి తెచ్చుకున్నాను. 18 మిల్లీమీటర్ల వెడల్పు, లోపల మూడు కటకాలు అతికించి ఉన్నాయి, ఉక్కు చట్రం, మీద "10 ఎక్స్". అదే ట్యూబులైటు కింద పెడితే బొమ్మ రెండున్నర సెంటీమీటర్ల దూరంలో పడింది, పొడవు సెంటీమీటరుంబావు. 25ను 2.5తో భాగిస్తే పది. అసలైన పది రెట్లంటే ఇది. వజ్రం శుద్ధతను తేల్చేది ఈ పది రెట్ల కింద చూసే. లూప్‌ను కంటికి ఆనించి, చూసే వస్తువును అంగుళం దూరానికి తెస్తే 500 నోటు మీది సూక్ష్మాక్షరాలు విడివిడిగా కనిపించాయి, పట్టుచీర జరీలో పోగు చుట్టూ తిరిగిన లోహపు తీగ కనిపించింది. మనవరాలు దాన్ని సాయంత్రం దాకా వదల్లేదు. అమ్మకిస్తే మాత్రం "ఒక్కో అక్షరం చూసుకుంటూ పోతే ఏకాదశి వెళ్లి ద్వాదశి వస్తుంది" అంది. నిజమే, ఒకేసారి రెండు మూడు అక్షరాల కన్నా కనిపించవు. చదవడానికి పది రెట్లు పనికిరాదు. రెండు, రెండున్నర రెట్లే సరైనవి. ఆ లెక్కన ఈ 349 రూపాయల భూతద్దం తన పనికి తగినదే. దాని మీద అబద్ధం అచ్చు వేశారు, అంతే.

నాకు కోపం తెప్పించింది కూడా అదే. రెండుంబావు అని రాసి ఉంటే దాన్ని ఎలా పట్టుకోవాలో చెప్పాల్సి వచ్చేది. పది అని రాసేసరికి, పట్టుకోగానే పెద్దదైపోతుందని కొన్నవారు అనుకుంటారు. అలా కాక, సరిగ్గా పట్టుకోకపోతే రెండుంబావు కూడా రాదు. అమ్మకు మొదటి రోజున ఏం జరిగిందో లెక్క వేసి చూశాను. ఆమె పంచాంగాన్ని ఒళ్లో పెట్టుకుంది. కంటికి దూరం సుమారు 40 సెంటీమీటర్లు. భూతద్దాన్ని కాగితానికి 10 సెంటీమీటర్ల ఎత్తున పట్టుకుంది. నాభ్యంతరం 20 కాబట్టి అక్షరం సరిగ్గా రెండు రెట్లయింది, కానీ ఆ ప్రతిబింబం కటకానికి కింద 20 సెంటీమీటర్ల దగ్గర, అంటే కంటికి 50 సెంటీమీటర్ల దూరంలో ఏర్పడింది. రెండు రెట్లు పెరిగి, పది సెంటీమీటర్లు వెనక్కి జరిగింది. నేరుగా 40 సెంటీమీటర్ల దూరంలో చూసినప్పటితో పోలిస్తే కంటికి తెలిసేది 1.6 రెట్లే.

దాని మీద ఇంకో ఇబ్బంది. ఆపరేషన్‌లో అమర్చిన కటకం సహజ కటకంలా దూరాన్ని బట్టి తన ఆకారాన్ని మార్చుకోలేదు. ప్లస్ 2.5 కళ్లద్దాలు స్పష్టంగా చూపించేది 40 సెంటీమీటర్ల దగ్గర. 50 దగ్గర ఏర్పడిన ప్రతిబింబం ఆమెకు అలికినట్టుంటుంది. కాబట్టి భూతద్దాన్ని కదపకుండా ముఖాన్ని మాత్రం పది సెంటీమీటర్లు ముందుకు తెమ్మన్నాను. ఇప్పుడు కాగితానికీ కటకానికీ మధ్య 10, కటకానికీ కంటికీ మధ్య 20. ప్రతిబింబం కంటికి సరిగ్గా 40 సెంటీమీటర్ల దూరంలో, రెండు రెట్ల పరిమాణంలో ఉంటుంది. అమ్మ తల వంచి చూసి, ఏ మాటా లేకుండా "శుక్ల దశమి, పుష్యమి" అని చదివేసింది. తర్వాత వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం వరుసగా చదువుకుంటూ పోయింది. నేను పక్కనే నిలబడి విన్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ పరీక్షా ఫలితానికీ అంత సంతోషించలేదు.

దగ్గరి చూపు కళ్లద్దాలు తీసేసి చదవాలనుకునేవారికి ఇంకో పద్ధతి ఉంది. ఆపరేషన్ తర్వాత దూరపు చూపు స్పష్టంగా ఉన్నవారు భూతద్దాన్ని కాగితానికి సరిగ్గా నాభ్యంతరమంత ఎత్తున, అంటే 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకోవాలి. అప్పుడు ప్రతిబింబం అనంత దూరంలో ఏర్పడుతుంది, తల కొంచెం అటూ ఇటూ కదిలినా అక్షరం పరిమాణం మారదు. 40 సెంటీమీటర్ల దూరంలో నేరుగా చూసినదానికి ఇదీ రెండు రెట్లే. అయితే చేయి ఎక్కువసేపు గాలిలో నిలపాలి. అమ్మకు అది కుదరలేదు.

భూతద్దం నాణ్యత గురించి క్లుప్తంగా చెబుతాను. కటకం నిజంగానే గాజు. నెల రోజులు వాడినా గీతలు పడలేదు. మధ్యభాగంలో అక్షరాలు చక్కగా ఉన్నాయి. అంచుకు వెళ్లేకొద్దీ గీతలు వంగుతాయి, నల్లటి అక్షరాల చుట్టూ నీలం, నారింజ రంగుల సన్నటి అంచులు కనిపిస్తాయి. ఈ ధరకు అది సహజం. పిడి బిగింపు మాత్రం నాసిరకం. రెండో వారానికే మర వదులై కటకం ఊగింది, కొంచెం జిగురు వేసి సరిచేసుకున్నాను. బరువుంది కాబట్టి వణికే చేతులకు కష్టం.

భూతద్దాన్ని కొలిచిన ఊపులో మా అబ్బాయి గడ్డం గీసుకునే గుండ్రటి అద్దం మీద కూడా పడ్డాం. ఒకవైపు మామూలు అద్దం, రెండోవైపు "5 ఎక్స్" అని రాసిన పుటాకార దర్పణం (లోపలికి వంగిన అద్దం). కిటికీలోంచి కనిపించే వీధి దీపపు స్తంభం బొమ్మను తెల్ల అట్ట మీద పట్టి చూస్తే నాభ్యంతరం 50 సెంటీమీటర్లని తేలింది. దర్పణం ఆవర్ధనానికి ఒక దగ్గరి దారి ఉంది. నాభ్యంతరాన్ని, నాభ్యంతరంలోంచి వస్తు దూరం తీసేయగా మిగిలినదానితో భాగించాలి. ముఖం 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆవర్ధనం 2. దూరం 40 అయితే 5. దూరం 45 అయితే 10. దూరం 49 అయితే 50! మనవరాలు పెన్ను పక్కన పెట్టి "మరి వీటిలో ఏది నిజం తాతయ్యా?" అని అడిగింది.

అన్నీ నిజమే. 5 ఎక్స్ కూడా అబద్ధం కాదు, ముఖం 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ప్రతిబింబం నిజంగానే ఐదు రెట్ల ఎత్తుంటుంది. కానీ అది దర్పణానికి వెనక రెండు మీటర్ల లోతున ఉంటుంది, అంటే మన కంటికి 240 సెంటీమీటర్ల దూరం. మామూలు అద్దంలోనైతే మన ముఖం 80 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టుంటుంది. ఐదు రెట్లు పెరిగినది మూడు రెట్ల దూరానికి పోయింది. కంటికి దక్కేది ఐదు బై మూడు, అంటే 1.67. ముఖాన్ని సరిగ్గా నాభి దగ్గర పెడితే సూత్రంలో ఆవర్ధనం అనంతమవుతుంది, కంటికి మాత్రం మామూలు అద్దంలో కనిపించేదానికి రెండు రెట్లే. గడ్డం గీసుకోవడానికి 25 సెంటీమీటర్ల దగ్గరికి వస్తే 1.33.

పరీక్షలో అడిగే ఆవర్ధనం ప్రతిబింబం ఎత్తుకూ వస్తువు ఎత్తుకూ ఉన్న నిష్పత్తి. కన్ను చూసేది ఆ ప్రతిబింబం కంటి దగ్గర చేసే కోణాన్ని. కోడిగుడ్డు చేతిలో ఉంటే పెద్దది, సందు చివర ఉంటే చుక్క. పదో తరగతి పిల్లలకు ఈ తేడాను ఇంట్లో అద్దంతోనే చూపించవచ్చు. మనవరాలికి ఇప్పుడు రెండూ వేరువేరుగా తెలుసు. ఆ అద్దం మంచిదే, గాజు సమంగా ఉంది, వంకరలు లేవు. దాని మీద 5 ఎక్స్ పక్కన "40 సెంటీమీటర్ల దగ్గర" అన్న మాట కూడా ఉంటే నిండు మార్కులు వేసేవాడిని.

అమ్మేవారిని నేను కోరేది ఒక్కటే. నాభ్యంతరం రాయండి, లేదా డయాప్టర్లు (100ను సెంటీమీటర్లలోని నాభ్యంతరంతో భాగిస్తే వచ్చే అంకె) రాయండి. కళ్లద్దాల దుకాణంలో ప్లస్ 2.5 అని నిజాయితీగా రాసిస్తున్నారు కదా. మా భూతద్దం సామర్థ్యం ప్లస్ 5 డయాప్టర్లు. డయాప్టర్లను నాలుగుతో భాగిస్తే రెట్లు తెలుస్తాయి, కావాలంటే ఒకటి కలుపుకోవచ్చు. చూపు తక్కువైనవారి కోసం భూతద్దాలు చేసే మంచి తయారీదారులు పిడి మీద ఈ అంకె వేస్తారు. కొనేముందు దానికోసం వెతకండి. అది లేకపోతే ఇంటికి తెచ్చాక ట్యూబులైటు కింద పెట్టి చూడండి.

అమ్మిన సంస్థకు మా కొలతలన్నీ రాసి పంపాను. వస్తువు వెనక్కి పంపితే డబ్బు ఇస్తామన్నారు, పేజీలో 10 ఎక్స్ మాత్రం అలాగే ఉంది. నేను వెనక్కి పంపలేదు. 349 రూపాయలకు ఈ గాజు కటకం గిట్టుబాటే. చెప్పిన మాటకు ఐదుకు ఒకటి, చేసే పనికి ఐదుకు మూడున్నర వేస్తాను. పంచాంగం, మందుల చీటీ, మ్యాపు చదవాలనుకునేవారు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. వాచీ బాగుచేయాలన్నా, నాణేల మీది చిన్న గుర్తులు చూడాలన్నా లూప్ కొనుక్కోండి.

పిడి వదులవడం, చేయి వణకడం రెండూ చూశాక వడ్రంగి చేత ఒక చిన్న టేకు స్టాండు చేయించాను. మూడు కాళ్లు, కటకం కూర్చునే వలయం, కాగితానికీ కటకానికీ మధ్య సరిగ్గా 10 సెంటీమీటర్లు. అమ్మ దాన్ని పంచాంగం మీద జరుపుకుంటూ చదువుకుంటుంది, ఎత్తు తప్పే ప్రసక్తే లేదు. చదవడం అయ్యాక దాని మీద మందమైన గుడ్డ కప్పుతుంది. మా హాలు కిటికీలోంచి ఉదయం ఎండ నేరుగా బల్ల మీద పడుతుంది. ఈ కటకం సూర్యబింబాన్ని రెండు మిల్లీమీటర్ల చుక్కలోకి చేర్చగలదు. ఒక రోజు గుడ్డ కప్పడం మరిచిపోతే పేపరులో క్రీడల పేజీ మీద శనగగింజంత నల్లటి చిల్లు పడింది.